కంచు పతకానికి వెల ఎంత? – తాతయ్య ఉత్తరం

చిన్నూ, బుజ్జీ,

"తాతయ్యా, నీ పెట్టెలో ఆ పతకం అమ్మితే ఎంతొస్తుంది?" అని మొన్న ఫోన్లో అడిగారు. ఆ పూట సరిగా చెప్పలేకపోయాను. అందుకే రాస్తున్నాను.

నా దగ్గరున్నది కంచుది. మూడంగుళాలుంటుంది, అరచేతి నిండా వస్తుంది. దాని మీద ముఖం టిబెట్ బౌద్ధుల గురువు దలైలామా గారిది. అసలు పతకం బంగారంతో చేసింది. అమెరికా కాంగ్రెస్ (మన పార్టీ కాదు, వాళ్ల పార్లమెంటు పేరది) 2006లో చట్టం చేసి మరీ దాన్ని చేయించింది. 2007 అక్టోబరు 17న వాషింగ్టన్‌లో ఆయనకు అందజేశారు. అక్కడి టంకశాల (నాణేలు అచ్చేసే చోటు) దానికి కంచు నకళ్లు తీసి అందరికీ అమ్మింది. మీ బాబాయి తెచ్చింది అందులో ఒకటి.

రూపాయి బిళ్ల మీద దాని విలువ అంకెల్లో ఉంటుంది. పతకం మీద ఉండదు. దాన్నిచ్చి కొట్లో చాక్లెట్ కూడా కొనలేరు. ఒక మనిషిని తలుచుకోవడానికే అది.

కళ్లు మూసుకుని వేలితో తడిమితే ముక్కు, చెంపలు తెలుస్తాయి. బొమ్మ అంత ఉబ్బెత్తుగా రావాలంటే ఒక్కసారి నొక్కితే చాలదు. ఉక్కు అచ్చుల మధ్య నొక్కేకొద్దీ లోహం బిరుసెక్కుతుంది. దాన్ని కాల్చి మెత్తబరిచి మళ్లీ నొక్కుతారు. మన ఊరి కమ్మరి కొడవలిని మళ్లీ మళ్లీ కొలిమిలో పెట్టడం చూశారుగా, ఇంచుమించు అలాగే.

దలైలామా గారిది టిబెట్. 1959 మార్చిలో, 23 ఏళ్ల వయసులో, చైనా సైన్యం నుంచి తప్పించుకుని, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కొండలు దాటి మన దేశానికొచ్చారు. ధర్మశాలలో ఉంటూ, ఆయుధం పట్టకుండానే తన జనం హక్కుల కోసం అడుగుతూ వచ్చారు. సొంత ఊరు మాత్రం మళ్లీ చూడలేదు. ఆ ముఖం చూసినప్పుడల్లా నాకు ముందు గుర్తొచ్చేది అదే.

అమెరికాలో ఆ చట్టం చేసిన ఏడాదే, జనవరిలో, ఆయన మన అమరావతికి వచ్చి కాలచక్ర అనే పెద్ద బౌద్ధ పూజ చేశారు. నేనూ వెళ్లాను. కృష్ణ ఒడ్డున ఎటు చూసినా ముదురు ఎరుపు బట్టల భిక్షువులే. ఆ పూజకు రంగు ఇసుకతో మండలం (పెద్ద ముగ్గులాంటి బొమ్మ) వేస్తారు. సన్నటి లోహపు గొట్టాన్ని గీకుతూ, ఇసుకను రవ్వరవ్వగా రాలుస్తూ రోజుల తరబడి వేస్తారు. పూజ కాగానే చెరిపేసి నీళ్లలో కలిపేస్తారు! మన అమరావతి శిల్పులు కూడా మొదట్లో బుద్ధుడి రూపం చెక్కలేదు. పాదాలు, ఖాళీ ఆసనం చెక్కి ఊరుకున్నారు. రూపాన్ని పట్టుకుని వేలాడని అలాంటి దారిలో నడిచే మనిషి ముఖాన్ని వందల ఏళ్లు నిలిచే లోహంలో అచ్చొత్తారే అని మొదట్లో నాకు మనసొప్పలేదు. ఇప్పుడు రాత్రిపూట దాన్ని చేతిలోకి తీసుకోకుండా నిద్రపోను.

దసరా సెలవులకి వచ్చినప్పుడు మీ చేతికే ఇస్తాను. చేతులు కడుక్కుని, అంచు పట్టుకుని చూడండి. నానమ్మ ఇత్తడి చెంబుల్లా చింతపండుతో తోముతానంటే మాత్రం ఒప్పుకోకండి. ఆ గోధుమరంగు మురికి కాదు, టంకశాలలో కావాలని పెట్టించిందే.

మీ తాతయ్య