జర్మన్ సైనిక కోటు అసలుదేనా? అపోహలు - వాస్తవాలు

ఇక్కడ చెప్పేది రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ సైనికులు తొడిగిన ఉన్ని కోటు ‘ఫెల్డ్‌బ్లూజె’ గురించి.

అపోహ: లోపల స్టాంపు ఉంటే అసలుదే.
వాస్తవం: నకిలీలు చేసేవాళ్లు ముందుగా వేసేది స్టాంపే. అందుకే స్టాంపు చదివి ఊరుకోకుండా టేపు పెట్టి కోటును కొలవాలి. లైనింగ్ మీద అయిదు అంకెలుంటాయి. పైన ఎడమన మెడ నుంచి నడుము దాకా వీపు పొడవు, కుడివైపు కాలరు, మధ్యలో ఛాతీ, కింద ఎడమన మొత్తం పొడవు, కుడివైపు చేతి పొడవు. అన్నీ సెంటీమీటర్లలోనే. ఉదాహరణకు కింద 70, 64 అని ఉంటే ఆ రెండూ ఒకటి రెండు సెంటీమీటర్ల తేడాలో సరిపోవాలి. ఛాతీ అంకె మాత్రం మనిషి ఒంటి కొలత. కోటు అంతకన్నా వదులుగానే ఉంటుంది. దగ్గర్లోనే డిపో (సైన్యపు బట్టల గిడ్డంగి) అక్షరం, ఏడాది ఉంటాయి: ‘ఈ 41’ అంటే ఎర్‌ఫుర్ట్, 1941. యుద్ధం రెండో సగంలో తయారీదారు పేరుకు బదులు ఆర్‌బీ నంబరు (కర్మాగారానికి ఇచ్చిన సంకేత సంఖ్య) వచ్చింది. 1940 ఏడాదీ, ఆర్‌బీ నంబరూ ఒకే కోటు మీద కనిపిస్తే బేరం అక్కడే ఆపేయండి.

అపోహ: స్టాంపు లేకపోతే నకిలీ.
వాస్తవం: అధికారులు సొంత ఖర్చుతో దర్జీ దగ్గర కుట్టించుకునేవారు. వాటికి డిపో స్టాంపు ఉండదు. లోపలి జేబులో దర్జీ లేబుల్ ఉండొచ్చు.

అపోహ: యూవీ టార్చ్ కింద మెరిస్తే నకిలీ, మెరవకపోతే అసలు.
వాస్తవం: బాగా నష్టం చేసే నమ్మకం ఇదే. మెరుపుకు కారణం ఆప్టికల్ బ్రైటెనర్లు, అంటే బట్ట తెల్లగా కనిపించేలా డిటర్జెంట్లలో, దారాల్లో కలిపే రసాయనాలు. యుద్ధం తర్వాత డిటర్జెంటుతో ఉతికిన అసలు కోటూ మెరుస్తుంది. బ్రైటెనర్ లేని దారం ఇవాళ ఎవరైనా కొనగలరు కాబట్టి మెరవకపోవడమూ రుజువు కాదు. కోటంతా మామూలుగా ఉండి, ఛాతీ మీది డేగ చిహ్నం (నాజీ కాలపు జర్మన్ సైన్యం గుర్తు) చుట్టూ ఉన్న దారం ఒక్కటే మెరిస్తే, చిహ్నం తర్వాత కుట్టినదని అనుమానించాలి.

దారం సంగతి తేల్చాలంటే లోపలి కుట్టులోంచి ఒక పోగు లాగి కాల్చండి. ఉన్ని జుట్టు కాలిన వాసనతో నలిగే బూడిద అవుతుంది, రేయాన్ కాగితంలా మండుతుంది, పాలియెస్టర్ కరిగి గట్టి పూస కడుతుంది. పాలియెస్టర్‌ను బ్రిటన్‌లో కనిపెట్టింది 1941లో; అసలు కుట్టులో అది ఉండటానికి వీల్లేదు. తర్వాతి మరమ్మతులో ఉండొచ్చు, కాబట్టి పోగు ఎక్కడి నుంచి తీశారన్నది ముఖ్యం.

అపోహ: మోడల్ లక్షణాలన్నీ పుస్తకంలో ఉన్నట్టే ఉండాలి.
వాస్తవం: ముదురాకుపచ్చ కాలరు ఎం36కి (అంటే 1936 మోడల్‌కి), అయిదుకు బదులు ఆరు గుండీలు ఎం41కి, మడత లేని జేబులు ఎం42కి, తిన్నని జేబు మూతలు ఎం43కి గుర్తులు. కానీ పాత నిల్వలు అయ్యేదాకా వాడేవారు, యూనిట్ దర్జీలు మార్పులూ చేసేవారు. పాత లక్షణం కొత్త ఏడాదిలో కనిపించడం మామూలే. ఆలోచించాల్సింది రెండోవైపు: 1940 స్టాంపు కోటుకు ఎం43 జేబు మూతలు ఎందుకున్నాయి?

అపోహ: డేగ కుట్టు లైనింగ్‌లోకి దిగితే మోసమే.
వాస్తవం: ఫ్యాక్టరీలో లైనింగ్ వేయకముందే కుట్టేవారు కాబట్టి కుట్టు పైబట్ట దగ్గరే ఆగుతుంది. లోపలికి దిగితే తర్వాత కుట్టారని మాత్రమే అర్థం. ఆ పని యుద్ధకాలపు యూనిట్ దర్జీ చేశాడా, నిన్నటి అమ్మకందారు చేశాడా అన్నది వేరే ప్రశ్న. యుద్ధం తర్వాత చాలా కోట్ల మీది డేగలు విప్పేశారు. పాత కుట్టు రంధ్రాలు, చుట్టూ ఉన్నదానికన్నా ముదురుగా మిగిలిన నీడ కొత్త డేగ ఆకారంతో కలవాలి.

అపోహ: అరిగితే, చిల్లులుంటే పాతదే.
వాస్తవం: సహజమైన అరుగుదల మోచేతుల దగ్గర, చేతుల అంచుల్లో, కాలరు లోపల, బెల్టు రాసుకునే చోట ఉంటుంది. గరుకు కాగితంతో చేసినది అంతటా ఒకేలా కనిపిస్తుంది. చిమటలు తినేది ఉన్నిని. పత్తి లైనింగ్ మీద కూడా అవే చిల్లులుంటే అది చిమటల పని కాదు.

చివరగా, తూర్పు జర్మనీ సైన్యపు కోట్లు. ఆ సైన్యం ఏర్పడింది 1956లో. బూడిదరంగు, గరుకు గుండీలు చూసి చాలామంది మోసపోతారు. లోపల అయిదు అంకెలకు బదులు ‘ఎం 48’, ‘జీ 52’ లాంటి అక్షరం-అంకె సైజు ఉంటే డేగ ఎంత బాగున్నా పక్కన పెట్టండి.