దాపటెద్దు, వలపటెద్దు, మీ గేమ్ రిమోట్

చిన్నోడికీ, బుజ్జమ్మకీ,

మొన్న ఆదివారం చిన్నోడు అడిగినదానికి ఫోన్‌లోనే జవాబు చెబుదామనుకున్నా. ఇంతలో ఇక్కడ కరెంటు పోయింది, నీ గొంతు ముక్కలు ముక్కలుగా వినపడింది, సరే ఉత్తరమే రాద్దాంలే అని ఊరుకున్నా. నువ్వు అడిగింది ఇదీ: "తాతయ్యా, రాత్రంతా ఛార్జింగ్ పెట్టాను, పొద్దునకి పచ్చ లైట్ వచ్చింది, అయినా అరగంట ఆడేసరికి కంట్రోలర్ ఆగిపోతోంది. పాడైపోయిందా? అమ్మ కొత్తది కొననంటోంది."

కొనొద్దనే నేనూ అంటా. ముప్ఫై ఏళ్ళు రేడియోలూ టేప్‌రికార్డర్లూ బాగుచేసి బతికినవాణ్ణి. పాడైపోయిందని నా కొట్టుకి తెచ్చిన సెట్లలో చాలావాటికి రోగం సెట్టులో ఉండేది కాదు, బ్యాటరీలు పెట్టే అరలో ఉండేది. మీ రిమోట్ (సరే బుజ్జమ్మా, కంట్రోలర్, ప్రతిసారీ దిద్దకు) కూడా నా లెక్కలో ఒక చిన్న రేడియోనే.

చిన్నోడా, నీదాని వెనక మూత తీస్తే రెండు పెన్సిల్ సెల్లులు పక్కపక్కన ఉంటాయి కదా, ఒకదాని తల అటు, ఇంకోదాని తల ఇటు. పక్కపక్కన పడుకున్నాయి కాబట్టి ఎవరి పని వాళ్ళు చేసుకుంటున్నారనుకోకు. కరెంటు మొదటిదాని లోంచి పోయి, రెండోదాని లోంచీ పోయి, అప్పుడు బయటికి వస్తుంది. అంటే అవి కాడికి కట్టిన జోడెద్దులు. ఒకటి దాపటెద్దు, ఒకటి వలపటెద్దు. మీకు ఎడ్లబండి అంటే ఫోటో దిగే వస్తువు కాబట్టి చెబుతున్నా, దాపట అంటే ఎడమ, వలపట అంటే కుడి. కాడి కింద రెండు మెడలూ సమానంగా లాగితేనే బండి నడుస్తుంది, ఒకటి చతికిలపడితే రెండోది ఎంత బలమైనదైనా బండి అక్కడే ఆగుతుంది.

నా చిన్నప్పుడు మా నాన్నకి ఒక తెల్లెద్దు, ఒక మైలెద్దు ఉండేవి. మైలెద్దు జబ్బు చేసి పోయింది. నాన్న సంతకి వెళ్ళి కొత్తదాన్ని తెచ్చాడు, పడుచుది, మంచి ఒడ్డూ పొడుగూ. తెల్లెద్దుకి అప్పటికే వయసైపోయింది. పక్కింటాయన చూసి "ముసలిదాని పక్కన పడుచుదాన్ని కట్టకు బావా" అన్నాడు, నాన్న నవ్వేసి, కొత్తది లాగేస్తుందిలే, పాతదానికి సుఖం అన్నాడు. చదును బాటలో నాలుగు రోజులు బాగానే నడిచాయి. కుప్ప నూర్చాక వడ్ల బస్తాలతో బండి కాలవ గట్టు ఎక్కుతుంటే కొత్తది ఒక్క ఊపున ముందుకి పోయింది, కాడి అడ్డంగా తిరిగింది, తెల్లెద్దు మోకాళ్ళ మీద పడింది. బస్తాల మీద కూచుని ఉన్నా నేను. దాని ముక్కులోంచి వచ్చిన చప్పుడు ఇప్పటికీ గుర్తుంది. నాన్న ఆ రాత్రి అన్నం తినలేదు.

ఎందుకు చెబుతున్నానంటే, నువ్వు చేసింది అచ్చం అదే. పోయినసారి వచ్చినప్పుడు చూశా, నీ అరలో ఒక సెల్లు నీలం రంగుది, ఒకటి తెల్లది. ఒకటి టీవీ రిమోట్ లోంచి పీకావు, అవునా? పాతదాన్నీ కొత్తదాన్నీ కలిపి కట్టావు. పాతది ముందు ఖాళీ అవుతుంది. కొత్తదానిలో ఇంకా బలం ఉంటుంది కాబట్టి అది ఆగదు, ఖాళీ అయినదాని లోంచి కూడా కరెంటుని తోస్తూనే ఉంటుంది. అలా తోయగా తోయగా ఖాళీ సెల్లు తల్లకిందులై, ప్లస్సు మైనస్సు అయ్యే దాకా వస్తుంది, నాలుగైదుసార్లు అలా జరిగిందంటే ఇక కోలుకోదు.

మరి పచ్చ లైట్ ఎందుకు వచ్చింది అంటావు. మీ ఇంట్లో ఉన్న ఛార్జర్ రెండేసి సెల్లులకి ఒకటే లైట్ ఉన్న రకం. రెండు ఎద్దుల ముందు ఒకటే గాడి పెట్టి మేత వేసి, గడ్డి అయిపోయింది కాబట్టి రెండిటి కడుపూ నిండిందని చెప్పడం లాంటిది. ఒకటి నిండి, పైన ఇంకా కుక్కితే ఒళ్ళు వేడెక్కి ఉంటుంది, ఒకటి సగం ఆకలితో లేస్తుంది. చవక ఛార్జర్లు కొన్నిటిలో పచ్చ లైట్ అంటే కడుపు నిండింది అని కూడా కాదు, నేను పెట్టుకున్న టైం అయిపోయింది అని. ఒక్కో సెల్లుకి ఒక్కో లైట్ ఉన్న ఛార్జర్ కొనమని మీ అమ్మకి నేనే చెబుతాలే, కొత్త కంట్రోలర్ కంటే చాలా తక్కువకే వస్తుంది.

తెరమీద చూపించే బ్యాటరీ బొమ్మని కూడా పూర్తిగా నమ్మకు. పారేసే ఆల్కలైన్ సెల్లు కొత్తప్పుడు ఒకటిన్నర వోల్టు, అలిసే కొద్దీ మెల్లగా అడుగు తగ్గిస్తుంది, కాబట్టి ఎంత మిగిలిందో ఊహించొచ్చు. నీ ఛార్జింగ్ సెల్లు అలా కాదు. 1.2 వోల్టుల దగ్గర మొదలుపెట్టిన నడక చివరిదాకా అదే నడక, ఆ తర్వాత ఒక్కసారి కూలబడుతుంది. అందుకే నీకు మూడు గీతలు కనబడుతుండగానే ఆట ఆగిపోయింది.

ఇప్పుడు పరీక్ష. ఆట ఎప్పుడు ఆగుతోందో గమనించావా? కారు గోడకి గుద్దినప్పుడు, బాంబు పేలినప్పుడు చేతిలో రిమోట్ గడగడలాడుతుంది చూడు, సరిగ్గా అప్పుడేనా? అందులో రెండు చిన్న మోటార్లు ఉంటాయి, ఎడమవైపుది బరువైనది, కుడివైపుది తేలిక. అవి తిరిగితే ఒక్కసారిగా బోలెడు కరెంటు కావాలి. అదే కాలవ గట్టు. చదును మీద నెట్టుకొచ్చిన ముసలి సెల్లు అక్కడ మోకాళ్ళ మీద పడుతుంది. సెట్టింగ్స్‌లోకి వెళ్ళి వైబ్రేషన్ ఆపేసి ఒక పూట ఆడు. ఆగకుండా నడిచిందా, దొంగ బ్యాటరీ. అయినా ఆగిందా, అప్పుడు అరలోని స్ప్రింగులు చూడు.

స్ప్రింగుల సంగతి త్వరగా చెప్పేస్తా. ఎప్పుడో పెట్టి మరిచిపోయిన ఆల్కలైన్ సెల్లు కారితే తెల్లటి పొడి పేరుకుంటుంది. చేత్తో ముట్టుకోకు. చెవి పుల్లకి ఒక చుక్క నిమ్మరసం అద్ది తుడువు, బుసబుసమని పొంగుతుంది, తర్వాత తడిబట్ట, తర్వాత పొడిబట్ట, ఒక గంట ఆరనివ్వు. పొడి లేకుండా ఊరికే నల్లగా ఉంటే నీ పెన్సిల్ రబ్బరు చాలు. మిరపకాయ బజ్జీలు తిన్న చేత్తో ఆడటం ఆపితే ఇంకా మంచిది.

అసలు ఏ సెల్లు ముసలిదో కనిపెట్టాలంటే వోల్టులు కొలిచే నా మల్టీమీటర్ మీ అమ్మ దగ్గరే ఉంది, అడుగు. కానీ ఒక మోసం ఉంది. అరలోంచి తీసి కాసేపు ఊరికే ఉంచి చూస్తే పాత సెల్లు కూడా 1.25 అని దర్జాగా చూపిస్తుంది. కొట్టంలో నిలబడ్డ ఎద్దు ముసలిదైనా ఠీవిగానే ఉంటుంది మరి! కాడి వేసి చూడాలి. నేనైతే సెల్లుకి చిన్న టార్చిబల్బు తగిలించి, బల్బు వెలుగుతుండగా మీటర్ చూసేవాణ్ణి. మంచిది 1.2 దగ్గర నిలబడుతుంది. ముసలిది చూస్తుండగానే 1.1, 1.0, 0.9 అని మెట్లు దిగుతుంది, బల్బు ఎర్రబడి కునుకుతుంది. మీ అమ్మని పక్కన పెట్టుకుని చెయ్యి, ఆ బల్బు ఆరిపోవడం చూస్తే మీటర్ అక్కర్లేదు.

బల్బంటే గుర్తొచ్చింది, మా ఇంట్లో మూడు సెల్లుల బ్యాటరీ లైటు ఉండేది, రాత్రిళ్ళు నీళ్ళు కట్టడానికి నాన్న పొలం తీసుకెళ్ళేవాడు. అందులో అయిపోయిన సెల్లులు అమ్మ పారెయ్యనిచ్చేది కాదు, ఎండలో ఆరబెట్టేది, వడియాల పక్కన. సాయంత్రం రేడియోలో వేస్తే, నిజంగానే, విజయవాడ కేంద్రం ఇంకో పావుగంట పలికేది! సూర్యుడు లోపలికి దూరాడనుకునేవాణ్ణి. ఇక ఏమాత్రం పలకనప్పుడు అది నా సొత్తు. రాయితో పగలగొట్టి లోపలి నల్ల కడ్డీ తీసి గోడలమీద గీతలు, నల్లటి పొడిలో ఆకు పసరు కలిపి పలకకి పూత. మీరు మాత్రం అలాంటివి చెయ్యొద్దు, ఎండలో పెట్టనూ వద్దు. ఛార్జింగ్ సెల్లుకి వేడి శత్రువు. పాత రకాలైతే వేసవిలో ఏమీ వాడకుండా నెల పడి ఉన్నా లోపలిది చాలావరకు కారిపోయేది. 2005లో జపాన్‌లో సాన్యో వాళ్ళు ఎనెలూప్ అని తెచ్చారు, వాడకుండా పెట్టినా నెలల తరబడి బలం నిలిచేది. కొంటే అలాంటి రకం కొనండి, నాలుగు ఒకేసారి.

బుజ్జమ్మా, నీది పీఎస్ ఫోర్ గేమ్ పెట్టె రిమోట్ కదా, అందులో ఎద్దులు లేవు, లోపల మూసేసిన లిథియం బ్యాటరీ ఒకటే. దానికి నా ఎద్దుల లెక్క పనికిరాదు (హమ్మయ్య అనుకున్నావా). నీ కంప్లైంట్ ఛార్జింగ్ ఎక్కట్లేదనేగా, ముందు వైరు మార్చి చూడు, తర్వాత గోడ ప్లగ్గు మార్చు. ఆ చిన్న పిన్ను దూరే చోట దుమ్ము, వదులు ఉన్నాయేమో టార్చి వేసి చూడు. వెనక సూది పట్టేంత బెజ్జం ఉంటుంది, గేమ్ పెట్టె ఆపేసి, విప్పదీసిన పేపర్ క్లిప్పుతో ఐదు సెకన్లు నొక్కి, మళ్ళీ వైరు పెట్టి కలుపు. చాలాసార్లు అంతటితో మాట వింటుంది. కానీ ఎప్పుడైనా పైడొప్ప, కిందిడొప్ప మధ్య సందు పెద్దదై, ఉబ్బినట్టు కనబడితే ఛార్జింగ్ పెట్టకు, గుచ్చకు, నొక్కకు, పెద్దవాళ్ళకి ఇచ్చెయ్. అది తమాషా కాదు తల్లీ, మండుతుంది.

ఆ లిథియం బ్యాటరీ కనిపెట్టినందుకు 2019లో ముగ్గురికి నోబెల్ ఇచ్చారు. అందులో గుడెనఫ్ గారికి అప్పటికి 97 ఏళ్ళు. మీ అమ్మమ్మ ఆ వార్త నాకు రెండుసార్లు చదివి వినిపించి, మీరు డెబ్బై దాటగానే ముసలాణ్ణి అయిపోయాను అంటారేం అంది. ఆ మర్నాడే పాత కొట్టు తాళం తీసి, మల్టీమీటర్ దుమ్ము దులిపాను.

చిన్నోడా, కొత్త సెల్లులు రాగానే స్కెచ్ పెన్నుతో రెండిటి మీద క, క అని రాయి, రెండిటి మీద గ, గ అని రాయి, పక్కన నెల, సంవత్సరం. కలిసి ఛార్జింగ్‌కి వెళ్ళాలి, కలిసి ఆటకి వెళ్ళాలి, 'క'ని 'గ'తో కట్టకు. టీవీ రిమోట్‌కి కావాలంటే దానికి వేరే ఉన్నాయి, అమ్మమ్మ పంపుతోంది, ఆవకాయ సీసా పక్కన కవర్లో.

అంతకంటే ముందు ఒక పని చెయ్యి. ఈ రాత్రి ఆ నీలందాన్నీ తెల్లదాన్నీ మామూలుగానే ఛార్జింగ్ పెట్టు, పచ్చ లైట్ రాగానే తీసి చెరో చేతిలో పట్టుకుని కళ్ళు మూసుకో. ఏ చెయ్యి వెచ్చగా ఉందో నాకు ఫోన్ చేసి చెప్పు.

మీ తాతయ్య