పెరట్లో పందికొక్కు: అపోహలు, వాస్తవాలు

వరి కోతలు అయ్యాక ఒడిశాలోని గజపతి, రాయగడ జిల్లాల పెరళ్లలో మట్టికుప్పలు లేస్తాయి. పొలంలో గింజ కరువై పందికొక్కులు ఇళ్ల వైపు మళ్లుతాయి. చేమ, కంద, చిలగడదుంప మడులకు ముప్పు అప్పుడే.

అపోహ: దుంపలు కొరికేది చుంచెలుక.
వాస్తవం: చుంచు తినేది బొద్దింకలు, పురుగులు, వానపాములు. పాపం, దాన్ని చంపితే మీ మొక్కలకే నష్టం. పందికొక్కు కలుగు ముందు తవ్విపోసిన మట్టి గుట్టగా ఉంటుంది, కన్నం చాలాసార్లు మట్టితో పూడి ఉంటుంది. సాయంత్రం కన్నాలన్నీ మూసి తొక్కండి. తెల్లారి మళ్లీ తవ్వినవాటిలోనే కాపురం ఉన్నట్టు.

అపోహ: పందికొక్కు బోనులో పడదు.
వాస్తవం: కొత్త వస్తువంటే దానికి బెదురు, అంతే. పెద్ద ఇనుప బోను తెచ్చి, గోడ వారగా అది నడిచే దారిలో పెట్టండి. తలుపు పడకుండా కట్టేసి, రెండు మూడు రాత్రులు కాల్చిన ఎండుచేప ఊరికే తిననివ్వండి. తర్వాత కట్టు విప్పండి. బోనును వట్టి చేత్తో ముట్టొద్దు, పందికొక్కు మూత్రం నుంచి లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు సోకుతుంది.

అపోహ: ఎరలో జింకు ఫాస్ఫైడు అనే ఎలుకల మందు దండిగా కలిపితే పీడ విరగడవుతుంది.
వాస్తవం: పొలాల్లో కూడా నూకలు 96 పాళ్లు, నూనె 2, మందు 2 మాత్రమే. ముందు మందు లేని నూకలు అలవాటు చేయకపోతే కాస్త కొరికి, జబ్బుపడి బతికినది ఆ ఎర మళ్లీ ముట్టదు. ఈ విషానికి విరుగుడు లేదు. పిల్లలు, కోళ్లు తిరిగే పెరట్లో వద్దే వద్దు. అల్యూమినియం ఫాస్ఫైడు బిళ్లలు అంతకన్నా ప్రమాదం: వాటి నుంచి వచ్చే విషపు గ్యాసు గోడ పగుళ్లలోంచి పడకగదిలోకి చేరుతుంది.

బోను కుదరకపోతే బ్రోమడయోలోన్ అనే ఇంకో ఎలుకల మందు 0.005 శాతం ఉన్న ఎర 15 గ్రాములు కాగితంలో పొట్లం కట్టి, కలుగు లోపలికి తోసి మూసేయండి. చావడానికి కొన్ని రోజులు పడుతుంది, ఈలోగా మందు పనిచేయలేదని ఇంకోటి వేయకండి. వారం తర్వాత తెరిచి ఉన్న కన్నాల్లోనే మరోసారి. చచ్చినవాటిని లోతుగా పాతాలి, లేదంటే వాటిని తిన్న గుడ్లగూబకూ పిల్లికీ విషం ఎక్కుతుంది. పిల్లలెవరైనా ఎర తింటే పొట్లంతో సహా ఆసుపత్రికి పరుగెత్తండి. దీనికి విటమిన్ కె1 విరుగుడుంది.

అపోహ: కన్నంలో గాజుపెంకులు, సిమెంటు నింపితే చాలు.
వాస్తవం: పక్కన ఇంకో కన్నం తవ్వుతుంది. నాఫ్తలీన్ ఉండలదీ అదే కథ.

అపోహ: పిల్లి ఉంటే చాలు.
వాస్తవం: ఎదిగిన పందికొక్కు జోలికి చాలా పిల్లులు పోవు. జెర్రిపోతు కనిపిస్తే మాత్రం కొట్టకండి.

దుంపల మడి చుట్టూ అరంగుళం కన్నాల జీఐ (జింకు పూత పూసిన ఇనుప) వల 2 అడుగుల లోతున పాతి, కింది అంచును బయటికి అర అడుగు వంచండి. ప్లాస్టిక్ వల కొరికేస్తుంది.