బ్యాలే సరే, కథేంటి?

హైదరాబాద్‌లో ఎవరైనా ‘బ్యాలే ఉంది, రండి’ అని పిలిస్తే ముందు ఎక్కడ అని అడగాలి. రవీంద్రభారతి అన్నారంటే ఏ శ్రీనివాస కల్యాణమో, పారిజాతాపహరణమో అయి ఉంటుంది. కిరీటాలు, గజ్జెలు, పక్కన నట్టువాంగం, మృదంగం. కొండాపూర్‌లో ఫలానా బిల్డింగ్ మూడో అంతస్తు అన్నారంటే గులాబీ రంగు టైట్స్ వేసుకున్న పిల్లలు గోడకున్న కడ్డీ పట్టుకుని మోకాళ్లు వంచుతుంటారు. రెండింటికీ మన దగ్గర పేరు ఒకటే. ఇక బంజారాహిల్స్‌లో లామకాన్ అనే చిన్న కళావేదిక అన్నారా, ఏం చూడబోతున్నామో ముందే చెప్పడం కష్టం. ఆహ్వానంలో ‘కాంటెంపరరీ’, అంటే సమకాలీన నృత్యం, అని ఉంటుంది. ఒక మనిషి ముప్పావు గంట సేపు ఒక కుర్చీ చుట్టూ తిరగొచ్చు, పాట అసలే ఉండకపోవచ్చు.

ఈ మూడు రకాల వాళ్లతోనూ మాట్లాడి రాయడం నా పనిలో భాగం. కాంటెంపరరీ చేసే ఒకమ్మాయిని మొదటిసారి ఇంటర్వ్యూ చేసినప్పుడు నేను అడిగిన మొదటి ప్రశ్న, “ఇందులో కథేంటండీ?” ఆమె నీళ్ల సీసా మూత తిప్పుతూ కాసేపు ఊరుకుంది. తర్వాత నా కోసం అప్పటికప్పుడు ఒక కథ అల్లి చెప్పింది. అచ్చులో అదే వచ్చింది. ఆ కథ ఆ నాట్యంలో ఎక్కడా లేదని, మూడోసారి చూసినప్పుడు గానీ నాకు అర్థం కాలేదు.

అది నా ఒక్కడి ప్రశ్న కాదు. షో అయ్యాక ప్రేక్షకులు అడిగేది అదే, పత్రికల వాళ్లం అడిగేది అదే, చివరికి అమ్మానాన్నలు అడిగేదీ అదే. తర్వాతి ప్రశ్నలు కూడా అందరికీ కంఠస్థం: ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఎన్నేళ్లకి అరంగేట్రం, ఎన్ని అవార్డులు. చేసే పని గురించి అడగడం చివర్న, ఫొటోగ్రాఫర్ కెమెరా సర్దుకుంటున్నప్పుడు. ఈ అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో వెతకబోతే దారి గోల్కొండ మీదుగా పోయింది. మన గోల్కొండ కాదు, రష్యాలోది.

పీటర్స్‌బర్గ్‌లో ఒక గోల్కొండ

1877లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో మరియస్ పెటిపా ‘లా బయదేర్’ అనే బ్యాలే కట్టాడు. బయదేర్ అంటే గుడిలో ఆడే దేవదాసి. ‘నర్తకి’ అని చెప్పే పోర్చుగీసు మాట ఫ్రెంచి వాళ్ల నోట్లో పడి అలా మారింది. అందులో నికియా అనే దేవదాసి, సోలోర్ అనే వీరుడు, వాళ్ల మధ్యకి వచ్చే రాజకుమారి ఉంటారు. ఆ రాజకుమారి తండ్రి గోల్కొండ రాజా! కుతుబ్‌షాహీలు పోయి అప్పటికి 190 ఏళ్లు. అయినా వజ్రాల పుణ్యమా అని గోల్కొండ పేరు యూరప్ రంగస్థలం మీద చలామణీలోనే ఉంది. అంతకు వందేళ్ల ముందే, 1766లో, పారిస్‌లో ‘ఎలీన్, గోల్కొండ రాణి’ అనే నృత్య సంగీత రూపకం ఆడింది. కోట ఎలా ఉంటుందో చూడని వాళ్లు దాన్ని ఎన్నిసార్లు కట్టారో!

అయితే నిజమైన దేవదాసీలని యూరప్ అసలు చూడలేదని కాదు. 1838లో పుదుచ్చేరి దగ్గరి తిరువేందిపురం నుంచి ఒక చిన్న బృందం ఓడెక్కి పారిస్ వెళ్లింది. వాళ్లలో అమ్మణి అనే ఆమెను చూసి తియోఫిల్ గోతియే అనే కవి మురిసిపోయి రాశాడు. మూడేళ్ల తర్వాత ‘జిజెల్’ బ్యాలే కథ రాసినవాళ్లలో ఆయన ఒకడు. అమ్మణి ఆడింది వేరు, ఆ తర్వాత బ్యాలే వేదిక మీద ‘ఇండియా’ పేరుతో కనబడింది వేరు. ఆ సంగతి అలా ఉంచుదాం.

‘లా బయదేర్’ గురించి నాకు ఆసక్తి కలిగించేది ఆ రాజా కాదు, ‘నీడల రాజ్యం’ అనే ఘట్టం. నికియా చనిపోయాక సోలోర్ నల్లమందు మత్తులో కనే కల అది. తెల్లటి దుస్తుల్లో నర్తకులు ఒకరి వెనక ఒకరు ఏటవాలు బల్ల మీద నుంచి దిగుతూ వస్తారు. ఒక కాలి మీద నిలబడి, రెండో కాలు వెనక్కి చాచే అదే భంగిమ మళ్లీ మళ్లీ. కథ అక్కడ ఆగిపోతుంది. ఎవరు ఎవరికి ఏమవుతారన్నది ఎవరికీ పట్టదు. పులివేటలు, పాము కాట్లు ఉన్న ఆ పెద్ద కథలో జనం గుర్తుపెట్టుకున్నది, విడిగా కూడా ప్రదర్శించేది కథ లేని ఆ ఘట్టాన్నే.

బ్యాలేకీ నిజాం రాజ్యానికీ ఇంకో ముడి ఉంది. రష్యన్ బ్యాలే తార అన్నా పావ్లోవా 1920లలో రెండుసార్లు ఇండియా వచ్చింది. 1923లో అజంతా చిత్రాల స్ఫూర్తితో ఒక బ్యాలే చేసింది. అజంతా అప్పుడు హైదరాబాద్ సంస్థానంలోది. ఆ చిత్రాలను కాపాడే పని నిజాం పురావస్తు శాఖ చూసుకునేది. అదే 1923లో, లండన్‌లో బొమ్మలు వేయడం నేర్చుకుంటున్న ఉదయ్‌శంకర్‌ను వెతికి పట్టుకుని, తన పక్కన కృష్ణుడిగా నిలబెట్టింది. తర్వాత కొన్నేళ్లకి రుక్మిణీదేవి బ్యాలే నేర్చుకుంటానంటే తన బృందంలోని క్లియో నోర్డీకి అప్పగించింది, మీ దేశపు నాట్యం సంగతి చూడమని సలహా కూడా ఇచ్చింది. ఆ సలహా ఫలితం 1936లో రుక్మిణీదేవి మద్రాసులో మొదలుపెట్టిన నాట్య విద్యాలయం, కళాక్షేత్రం. కాలి వేళ్ల కొసల మీద నిలబడే పావ్లోవా మన నేలకి ఇచ్చింది బ్యాలే కాదన్నమాట, మన నాట్యం వైపు చూసే చూపు.

పేరు ముందొచ్చింది, మనిషి తర్వాత

మరి ‘బ్యాలే’ మాట మన నృత్యరూపకాలకి ఎలా అంటుకుంది? ఉదయ్‌శంకర్ బృందం 1930లలో అమెరికా వెళ్లినప్పుడు అక్కడి పోస్టర్ల మీద ‘హిందూ బ్యాలే’ అని వేశారు. ఆయన అల్మోరా కేంద్రంలో పనిచేసిన శాంతి బర్ధన్, ఆ తర్వాత ఇప్టా (ఇండియన్ పీపుల్స్ థియేటర్ అసోసియేషన్) బృందంలో పనిచేసి, 1952లో బొంబాయిలో పెట్టిన సంస్థ పేరు లిటిల్ బ్యాలే ట్రూప్. మనుషులే తోలుబొమ్మల్లా, కొయ్యబొమ్మల్లా కదులుతూ రామాయణం ఆడేవాళ్లు. గుంపుగా, కథతో, లైటింగ్‌తో, రెండు గంటల్లో ముగిసే ఆధునిక ప్రదర్శన ఏదైనా బ్యాలేనే అనే వాడుక అలా పాతుకుంది.

తెలుగు వాళ్లకి ఈ పేరు సరిగ్గా అవసరమైన సమయానికి దొరికింది. కూచిపూడి మొదటి నుంచీ గుంపు ఆట. భాగవతులు ఊరూరా తిరిగి, తెర పట్టి, రాత్రంతా ఆడేవాళ్లు. గోల్కొండ తానీషా వాళ్ల ఆట చూసి మెచ్చి కూచిపూడిని అగ్రహారంగా ఇచ్చాడని ఆ ఊరివాళ్లు చెప్పుకుంటారు. 1958లో ఢిల్లీలో సంగీత నాటక అకాడమీ పెట్టిన సెమినార్‌లో ఇబ్బంది వచ్చింది. కూచిపూడి విడిగా ఒక శాస్త్రీయ నృత్యమా, లేక భరతనాట్యానికి ఒక పాయా, నాటకమా అనే వాదన లేచింది. దానికి జవాబుగా 1959లో హైదరాబాద్‌లో రాష్ట్ర అకాడమీ ప్రత్యేకంగా కూచిపూడి సెమినార్ పెట్టింది. మన నాట్యాన్ని ఇంకొకరి ముందు నిరూపించుకోవాల్సిన టెన్షన్ అప్పటిది. గురువు ఎవరు, పరంపర ఏది, శాస్త్రంలో ఎక్కడుంది అన్న ప్రశ్నలు అక్కడ ప్రాణావసరం. అరవై ఏళ్ల తర్వాత కూడా మా ఇంటర్వ్యూల్లో అవే ప్రశ్నలు వస్తున్నాయంటే, మేము ఆ సెమినార్ నుంచి ఇంకా ఇంటికి రాలేదని నా అనుమానం.

1961లో, ఠాగూర్ శతజయంతి ఏడాది, రవీంద్రభారతి తెరుచుకుంది. 1963లో మద్రాసులో వెంపటి చినసత్యం కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టారు. ఎస్.వి. భుజంగరాయ శర్మ రచన, పట్రాయని సంగీతరావు సంగీతం, వెంపటి కూర్పు. రాత్రంతా ఆడే భాగవతం సాయంత్రం ఆరున్నరకి మొదలై రాత్రి భోజనం వేళకి ముగిసే రూపకం అయింది. మగవాళ్లే స్త్రీ వేషం కట్టే చోట ఆడపిల్లలు వచ్చారు, ఆడిటోరియం వేదికకు తగ్గట్టు వరసలు, గుంపులు, ప్రవేశాలు కొత్తగా కుదిరాయి. కొరియోగ్రఫీ అంటే ఇదే కదా. కానీ అప్పటి సమీక్షల్లో ఆ కూర్పు మీద రెండు వాక్యాలు దొరకడం కష్టం. సత్యభామగా ఫలానా వారి అభినయం రక్తి కట్టించింది, ఆహార్యం బాగుంది, సభకు ఫలానా వారు అధ్యక్షత వహించారు. అంతే. వెంపటి శిష్యురాలు శోభానాయుడు 1980 నుంచి హైదరాబాద్‌లో అకాడమీ నడిపి, విప్రనారాయణ, కల్యాణ శ్రీనివాసం లాంటివి రూపొందించి, వందలమందికి నేర్పి, 2020లో కన్నుమూశారు. ముప్ఫైమందిని వేదిక మీద గుద్దుకోకుండా ఎలా నడిపించేవారో ఆవిడని కూర్చోబెట్టి ఎవరైనా అడిగి ఉంటే బాగుండేది.

ఇలా, బ్యాలే అంటే పురాణ కథ అని మూడు తరాలు స్థిరపడ్డాక అసలు బ్యాలే వచ్చింది, కాంటెంపరరీ వచ్చింది. పేరు ముందొచ్చి కుర్చీలో కూర్చుంది, మనిషి వచ్చేసరికి చోటు లేదు.

పళ్లెం మీద కథ ఉందా?

కథ వద్దనడం పడమటి ఫ్యాషన్ అనే మాట తరచూ వింటాం. నాకది సరైన మాటగా తోచదు. 1253–54లో కాకతి గణపతిదేవుడి గజసేనాని జాయప రాసిన గ్రంథం పేరు ‘నృత్త రత్నావళి’. నృత్తం అంటే భావంతో, కథతో పనిలేకుండా లయకీ అంగానికీ సంబంధించిన ఆట. ఎనిమిది అధ్యాయాల్లో సగం మార్గానికి, అంటే శాస్త్రం చెప్పిన పద్ధతికి, సగం దేశికి, అంటే ఆయా ప్రాంతాల ఆటలకి. మన కోలాటం అందులో దండరాసకం పేరుతో ఉంది. పేరణి, ఇప్పుడు మనం పేరిణి అంటున్న ఆట, కూడా ఉంది. హైదరాబాద్‌లో ఉండి పనిచేసిన నటరాజ రామకృష్ణ ఈ గ్రంథాన్నీ రామప్ప గుడి శిల్పాలనీ పక్కపక్కన పెట్టుకుని పేరిణి శివతాండవాన్ని మళ్లీ నిలబెట్టారు. పేరిణిలో హీరో ఎవరు, విలన్ ఎవరు అని ఎవరూ అడగరు.

అంతదాకా ఎందుకు, కూచిపూడి తరంగంలో నర్తకి ఇత్తడి పళ్లెం అంచుల మీదికి ఎక్కగానే హాలంతా చప్పట్లు కొడుతుంది. బాలకృష్ణుడి కథ అప్పటిదాకా చెప్పిందే. పళ్లెం మీద జరిగేది కాళ్లకీ తాళానికీ మధ్య పంచాయితీ మాత్రమే. కథేంటని అడిగే మనమే అక్కడ కథ మర్చిపోతాం.

ఆధునిక నృత్యం మన దేశంలో గట్టిగా మాట్లాడటం మొదలుపెట్టింది 1984లో, బొంబాయిలో మాక్స్‌ముల్లర్ భవన్ చొరవతో జరిగిన తూర్పు–పడమర నాట్య సమావేశంలో. ఏళ్ల తరబడి వేదికకి దూరంగా ఉన్న భరతనాట్య కళాకారిణి చంద్రలేఖ అక్కడ తిరిగొచ్చారు. మరుసటి ఏడాది ‘అంగిక’లో దేవుళ్లనీ నాయికలనీ పక్కనపెట్టి, భరతనాట్యం, కేరళ యుద్ధవిద్య కలరిపయట్టు, యోగా పక్కపక్కన నిలబెట్టారు. ఆమెకి స్నేహితురాలైన జర్మన్ కళాకారిణి పీనా బౌష్ పద్ధతి ఇంకా విచిత్రం. రిహార్సల్‌లో స్టెప్పులు చెప్పకుండా నర్తకులను ప్రశ్నలు అడిగేది. వాళ్లు మాటతోనో కదలికతోనో జవాబిస్తే, ఆ జవాబుల్లోంచి ఏరుకుని నాట్యం కట్టేది. ఇంటర్వ్యూలు చేసేవాడిగా ఇది చదివినప్పుడు నాకు కొంచెం సిగ్గేసింది.

హైదరాబాద్‌లో ఈ గాలి ఆలస్యంగా, సన్నగా వీచింది. ఆనంద శంకర్ జయంత్ 1999లో ‘వాట్ అబౌట్ మీ?’ పేరుతో భరతనాట్యంలో ఆడవాళ్ల సంగతి మాట్లాడారు. బెంగళూరుకి 1992 నుంచే కాంటెంపరరీ కోసం అట్టక్కళరి లాంటి సంస్థ ఉంది. మన దగ్గర 2010లో లామకాన్ తెరుచుకున్నాక చిన్న ప్రయోగాలకి చిన్న చోటు దొరికింది. అయితే ‘కాంటెంపరరీ’ అనే మాటని ఇంటింటికీ చేర్చింది ఇవేవీ కావు, ‘ఢీ’ లాంటి టీవీ పోటీలు. అక్కడ కాంటెంపరరీ అంటే ఒక ఏడుపు పాట, చిరిగిన చొక్కా, ఒక లిఫ్టు, చివర్లో జడ్జి కళ్లు తుడుచుకోవడం. వెటకారం కాదు, వాళ్ల ఒళ్లు చేసే పని గొప్పదే. కానీ మూడు నిమిషాల్లో కథ తెలిసిపోవాలన్న షరతు అక్కడా ఉంది.

కథ అడగడం మానేశాక నర్తకులు ఏం మాట్లాడతారో విన్నాను. ఎక్కువగా మోకాళ్ల గురించి. బ్యాలేలో మోకాళ్లు వంచడాన్ని ప్లియే అంటారు. 1661లో పద్నాలుగో లూయీ పారిస్‌లో నాట్య అకాడమీ పెట్టిన నాటి నుంచి ఆ భాష ఫ్రెంచే, కొండాపూర్ పిల్లలకి కూడా. ప్లియే, మన నాట్యంలో మోకాళ్లు పక్కలకి వంచి నిలబడే అరమండి ఫొటోలో దాదాపు ఒకేలా కనిపిస్తాయి. చేసేవాళ్లకి పోలికే లేదు. ప్లియే గాల్లోకి లేచే ముందు ఒక మజిలీ, అరమండి కాపురం. పదేళ్లు కూచిపూడి చేసి బ్యాలేకి వెళ్లినవాళ్లకి పైకి లేవడమే కష్టం, నేల వదలదు. అటు నుంచి ఇటు వచ్చినవాళ్లకి నేల అందదు.

ఆ తర్వాత నేల గురించే. ఎగిరి దిగినప్పుడు కాలి మీద పడే భారం ఒంటి బరువుకి కొన్ని రెట్లు. అందుకే బ్యాలే హాళ్లలో అడుగున నురుగు ముక్కలో చెక్క పట్టీలో పెట్టి, పైన చెక్క పరిచి, కొంచెం ఊగేలా నేల కడతారు. మన ఊళ్లో రిహార్సల్స్ జరిగేది అపార్ట్‌మెంట్ సెల్లార్లలో, కమ్యూనిటీ హాళ్లలో, స్కూలు వరండాల్లో. గ్రానైట్, టైల్స్, కింద కాంక్రీటు. పిక్క ముందు ఎముక నొప్పి అక్కడే మొదలవుతుంది, కూచిపూడి వాళ్లకీ, కాంటెంపరరీ వాళ్లకీ.

కొత్త హాలులోకి వస్తూనే వీళ్లలో ఎవరైనా చేసే మొదటి పని ఒకటే. చెప్పులు విప్పి, మడమతో నేలని రెండుసార్లు తట్టి చూస్తారు. చప్పుడు బోలుగా వస్తే మొహం విప్పారుతుంది. రాకపోతే ఆ సాయంత్రానికి నాలుగు గెంతులు తగ్గుతాయి, ఏవి తీసేయాలా అని మెట్ల మీద కూర్చుని మాట్లాడుకుంటారు. ఇప్పుడు నేను రికార్డర్ ఆన్ చేసేది అక్కడ.