తెర మీద శని, బడి మైదానంలో శని

2025 నవంబరులో, ములుగు వైపు ఒక ఊరి హైస్కూల్ మైదానంలో పిల్లలకు శని గ్రహం చూపించాం. 6 అంగుళాల అద్దం ఉన్న టెలిస్కోప్. 120 రెట్లు పెద్దదిగా చూపే ఐపీస్ (కన్ను ఆనించి చూసే కటకం) పెట్టాం. వరుసలో మొదట నిలబడ్డది తొమ్మిదో తరగతి అమ్మాయి. కన్ను ఆనించి కాసేపు కదలకుండా చూసింది. తర్వాత తలెత్తి, "గింతేనా సార్? ఉంగరం ఏది? టీవీల పెద్దగ కనవడ్తది గదా!" అంది.

ఆమె అడిగినదాంట్లో తప్పేమీ లేదు. చదివేటప్పుడు పుస్తకం పట్టుకునేంత దూరంలో ఒక సజ్జగింజను పెట్టుకుంటే ఎంత కనిపిస్తుందో, ఆ రాత్రి శని అంతే ఉంది. పైగా వలయాలు గీత గీసినంత సన్నగా ఉన్నాయి. శని సూర్యుడి చుట్టూ తిరిగి రావడానికి దాదాపు 29 ఏళ్లన్నర పడుతుంది. ఆ ప్రయాణంలో సుమారు 15 ఏళ్లకోసారి దాని వలయాలు మనకు సరిగ్గా అంచు మీద నుంచి కనిపిస్తాయి. పళ్లేన్ని కంటికి సమానంగా ఎత్తి పట్టుకుంటే గీతలా కనిపిస్తుంది కదా, అట్లా. 2025 మార్చిలో అదే జరిగింది, నవంబరులో మళ్లీ దాదాపు అదే స్థితి. 1612లో ఇదే మార్పు చూసి గెలీలియో అయోమయంలో పడ్డాడు. రెండేళ్ల ముందు శనికి అటూ ఇటూ ఏవో రెండు ఉన్నట్టు చూసినవాడికి, ఇప్పుడు అవి మాయమయ్యాయి. అవి వలయమని తేల్చి చెప్పడానికి ఇంకో నలభై ఏళ్లకు పైగా పట్టింది, డచ్ శాస్త్రవేత్త హైగెన్స్ రావాల్సి వచ్చింది. సినిమాల్లో శని ఎప్పుడు కనిపించినా ఒకే ఫొటోలా, వలయాలు బాగా వంపు తిరిగి ఉంటుంది. గీతలాంటి శనిని నేనింతవరకు ఏ తెర మీదా చూడలేదు.

తెర మీద టెలిస్కోప్ అనగానే ఒకటే పని: దూరంగా ఉన్నదాన్ని దగ్గరికి లాగడం. హీరో కన్ను పెడతాడు, వెంటనే తెర నిండా గ్రహం. మన ఊళ్లలో పిల్లలు టెలిస్కోప్ దగ్గరికి వచ్చేది ఆ ఊహతోనే. నిజానికి టెలిస్కోప్ మొదటి పని వెలుతురును పోగేయడం. ఈ మాట పిల్లలకు చెప్పడానికి మన ప్రాంతంలో పెద్ద ఉదాహరణ వెతుక్కోవాల్సిన పనే లేదు. పాకాల, రామప్ప, లక్నవరం. కాకతీయుల కాలం చెరువులు. వానలో గ్లాసు పెడితే నాలుగు చుక్కలు పడతాయి, చెరువుకు నిండా వస్తాయి. చినుకు అదే, పట్టే జాగా వేరు. చీకట్లో మన కంటిపాప 7 మిల్లీమీటర్ల దాకా తెరుచుకుంటుంది, అది గ్లాసు. మా 6 అంగుళాల అద్దం దానికంటే 450 రెట్లకు పైగా వెలుతురు పడుతుంది. భూమి చుట్టూ అంతరిక్షంలో తిరిగే హబుల్ టెలిస్కోప్ అద్దం వ్యాసం 2.4 మీటర్లు, అంటే లక్ష రెట్ల పైమాటే.

అంత పెద్ద అద్దం ఉన్నా ఎదురుచూడటం తప్పదు. 2003 సెప్టెంబరు నుంచి 2004 జనవరి వరకు హబుల్ ఆకాశంలో ఒక చిన్న ముక్కను పదే పదే చూసింది. అన్నీ కలిపితే దాదాపు 10 లక్షల సెకన్ల ఎక్స్‌పోజర్. ఆ చిత్రంలో సుమారు 10,000 గెలాక్సీలు దొరికాయి. వాటిలో బాగా మసకగా ఉన్నవాటి నుంచి నిమిషానికి ఒక్క కాంతి కణం చొప్పున వచ్చింది. నిమిషానికి ఒక్క చినుకు! ఆ సంగతి మొదటిసారి చదివిన రోజు నాకు చాలాసేపు వేరే పని మీద మనసు పోలేదు. దీన్ని సినిమాలో ఎట్లా చూపిస్తారో నాకు తెలియదు గానీ, ఎవరైనా చూపిస్తే బాగుండునని నిజంగా కోరుకుంటాను.

ఇక "జూమ్ చెయ్, ఇంకా జూమ్ చెయ్" అనే సీన్. మసక బొమ్మ ఒక్క మీట నొక్కగానే స్పష్టంగా మారిపోతుంది. అద్దం ఎంత వెడల్పో అంత వరకే వివరం దొరుకుతుంది, ఎందుకంటే వెలుతురు అల. అద్దం అంచుల దగ్గర అది కొద్దిగా పరుచుకుంటుంది, కాబట్టి ఒక చుక్క కూడా చిన్న మచ్చగానే పడుతుంది. తర్వాత ఎంత పెద్దది చేసినా మచ్చే పెద్దదవుతుంది. చంద్రుడి మీద జెండాను హబుల్‌తో చూడొచ్చు కదా అని చాలామంది అడుగుతారు. చంద్రుడి మీద హబుల్‌కు విడిగా తెలిసే అతి చిన్న వివరం సుమారు 90 మీటర్లు. ఖిలా వరంగల్‌లో నాలుగు కీర్తి తోరణాల నడుమ ఉన్న మైదానాన్ని ఉన్నపళంగా చంద్రుడి మీద పెడితే, హబుల్‌కు అది ఒకటి రెండు చుక్కలు. ఆ తోరణాల మీద చెక్కిన హంసల మాట దేవుడెరుగు, తోరణం ఉన్నట్టే తెలియదు. అపోలో వ్యోమగాములు దిగిన చోట్లను 2009 నుంచి ఫొటోలు తీసింది చంద్రుడి చుట్టూ తక్కువ ఎత్తులో తిరిగే వ్యోమనౌక. అంటే దగ్గరికి వెళ్లాల్సి వచ్చింది.

రంగులూ అంతే. ఐపీస్‌లో ఓరియన్ నెబ్యులా, అంటే ఆకాశంలోని ఒక పెద్ద వాయు ధూళి మేఘం, బూడిద రంగు పొగలా ఉంటుంది. మసక వెలుతురులో పనిచేసే కంటి కణాలకు రంగు తెలియదు. హబుల్ కెమెరాలు కూడా ఫిల్టర్లు మార్చి మార్చి నలుపు తెలుపులోనే తీస్తాయి. 1995లో హబుల్ తీసిన ప్రసిద్ధ ధూళి స్తంభాల చిత్రంలో గంధకం వెలుతురుకు ఎరుపు, హైడ్రోజన్‌కు ఆకుపచ్చ, ఆక్సిజన్‌కు నీలం ఇచ్చారు. అది మోసం కాదు. ఏ మూలకం ఎక్కడుందో కంటికి తెలిసేలా వేసిన పటం. సినిమాలో మాత్రం ఐపీస్‌లో కన్ను పెట్టగానే ఆ రంగులే కనిపిస్తాయి.

రేడియో టెలిస్కోప్‌ల సంగతికొస్తే, 1997 నాటి 'కాంటాక్ట్' సినిమా అంటే నాకు చాలా ఇష్టం. న్యూ మెక్సికో ఎడారిలో నిజంగా ఉన్న 27 డిష్‌ల దగ్గర తీశారు, ఒక్కోటి 25 మీటర్ల వెడల్పు. అందులో శాస్త్రవేత్త హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆకాశాన్ని వింటుంటుంది. చూడటానికి అందంగా ఉంటుంది గానీ, రేడియో తరంగం శబ్దం కాదు, అదీ వెలుతురు జాతిదే. మన దేశంలో పుణెకు ఉత్తరాన, నారాయణగావ్ దగ్గర 45 మీటర్ల డిష్‌లు 30 ఉన్నాయి. అక్కడ పనంతా జోడీల లెక్క. ప్రతి రెండు డిష్‌ల సంకేతాలనూ కంప్యూటర్ ఒకదానితో ఒకటి పోల్చుతుంది, మొత్తం 435 జోడీలు. ఆ లెక్కల నుంచే బొమ్మ తయారవుతుంది. అయితే హెడ్‌ఫోన్స్ పూర్తిగా కల్పన అనలేను. 1930ల మొదట్లో అమెరికా ఇంజనీరు కార్ల్ జాన్‌స్కీ పాలపుంత నుంచి వచ్చే రేడియో తరంగాలను కనిపెట్టినప్పుడు, అవి హెడ్‌ఫోన్స్‌లో సన్నటి బుస లాగే వినిపించాయి. 1967లో పరిశోధక విద్యార్థిని జోసెలిన్ బెల్‌కు మొదటి పల్సర్ (తిరుగుతూ లయగా రేడియో మిణుకులు పంపే నక్షత్రం) దొరికింది మాత్రం చెవికి కాదు, కంటికి. రోజుకు దాదాపు 30 మీటర్లు వచ్చే చార్టు కాగితం మీద సిరా గీతల మధ్య చిన్న గజిబిజి. దాన్ని వదిలెయ్యకుండా ఆమె పట్టుకుంది.

భూమి వైపు వచ్చే గండశిలల సినిమాల్లో టెన్షన్ అంతా ఒక్క రాత్రిలోనే అయిపోతుంది. ఒకరు చూస్తారు, బోర్డు మీద లెక్క వేస్తారు, తేదీతో సహా తేలిపోతుంది. నిజంగా జరిగినది చూడండి. 2024 డిసెంబరు 27న చిలీలోని ఒక టెలిస్కోప్ 2024 వైఆర్4 అనే గ్రహశకలాన్ని పట్టుకుంది. 2032లో అది భూమిని ఢీకొనే అవకాశం 2025 ఫిబ్రవరిలో 3.1 శాతం దాకా పెరిగింది. తర్వాత ఇంకొన్ని రాత్రుల పరిశీలనలు చేరగానే దాదాపు సున్నాకు పడిపోయింది. అందులో తప్పు చేసినవాళ్లు ఎవరూ లేరు. రెండు మూడు చుక్కలు పెట్టి గీసిన దారి ఎటైనా వంగుతుంది, చుక్కలు పెరిగేకొద్దీ ఒక దారికి వస్తుంది. ఆ నెలల కథలో ఎంత ఉత్కంఠ ఉందో! పెరిగిన శాతం మాత్రం అందరికీ చేరింది, తగ్గినది చాలామందికి చేరనేలేదు.

టీవీ సీరియళ్లలో ఇళ్ల కిటికీల దగ్గర అలంకారానికి పెట్టే టెలిస్కోప్‌ల గురించి ఒక్క మాట. లైట్లు వేసిన గదిలోంచి, మూసిన కిటికీ అద్దం గుండా చూస్తే గ్రహం వణుకుతూ అలుక్కుపోయి కనిపిస్తుంది. డాబా మీదికి తెచ్చి, లైట్లు ఆర్పి, గొట్టం చల్లబడేదాకా అరగంట ఆగండి. అంతే చాలు.

ఆ రాత్రి ఆ అమ్మాయికి ఇదంతా చెప్పలేదు. మళ్లీ ఒకసారి చూడమన్నాను, ఈసారి తొందరపడకుండా. ఒక నిమిషం గడిచాక "సార్, ఇంకో చిన్న చుక్క ఉన్నది పక్కకు" అంది. టైటాన్. శని ఉపగ్రహం. చెబితే, "అయితే చందమామ కూడా ఉన్నదా దానికి" అని మళ్లీ వంగింది. తర్వాత వచ్చిన పిల్లవాడు కన్ను పెట్టి, "ఏం లేదు సార్, అంత నల్లగ ఉంది" అన్నాడు. 120 రెట్లు పెద్దదిగా చూస్తున్నప్పుడు భూమి తిరగడం కూడా అన్ని రెట్లు కనిపిస్తుంది. గ్రహం రెండు నిమిషాల లోపే ఐపీస్ దాటి పోతుంది. నేను ముందుకు వెళ్లేలోపే ఆ అమ్మాయి గొట్టం మీద చెయ్యి వేసి, వేలెడంత కూడా కాదు, కొద్దిగా పడమటికి జరిపింది.

"అది పోతనే ఉంటది రా. ఇగో, ఇప్పుడు చూడు" అంది.