24 గంటలు ఆగకండి: హైదరాబాద్ పోలీసుల గురించి అపోహలు – వాస్తవాలు

సిటీ స్టేషన్లలో ఎస్సైగా, తర్వాత ఇన్‌స్పెక్టర్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పటికీ చుట్టాలు, తెలిసినవాళ్లు ఏదైనా జరగగానే ముందు నాకు ఫోన్ చేస్తుంటారు. అడిగేవి దాదాపు అవే ప్రశ్నలు, వాటి వెనకున్న నమ్మకాలూ అవే. కొన్ని నమ్మకాల వల్ల పెద్ద నష్టం లేదు. కొన్నిటి వల్ల మాత్రం విలువైన గంటలు పోతాయి, సాక్ష్యాలు పోతాయి. నష్టం ఎక్కువున్న వాటితోనే మొదలుపెడతాను.

అపోహ: మనిషి కనిపించకపోతే 24 గంటలు ఆగి ఫిర్యాదు ఇవ్వాలి.

ఇలాంటి రూల్ ఏ చట్టంలోనూ లేదు. అరెస్టు చేసిన మనిషిని 24 గంటల్లోగా మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలని రాజ్యాంగం 22వ అధికరణం చెబుతుంది. అది పోలీసులకు పెట్టిన గడువు. కనిపించకుండా పోయినవాళ్ల ఇంటివాళ్లకు ఏ గడువూ లేదు. పైగా మొదటి గంటలే అసలైనవి. ఫోన్ ఇంకా ఆన్‌లో ఉండొచ్చు. ఎంజీబీఎస్ బస్టాండ్‌లోనో సికింద్రాబాద్ రైల్వే స్టేషన్‌లోనో ఏ బస్సు, ఏ రైలు ఎక్కారో కెమెరాల్లో దొరకొచ్చు. చాలాచోట్ల పాత రికార్డింగ్ కొన్ని రోజుల్లోనే చెరిగిపోతుంది. పిల్లల విషయంలో అయితే 2013లోనే సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: పిల్లవాడు కనిపించడం లేదని ఫిర్యాదు రాగానే ఎఫ్ఐఆర్ కట్టాలి, కిడ్నాప్ అనే అనుమానంతోనే దర్యాప్తు మొదలుపెట్టాలి.

వచ్చేటప్పుడు ఈమధ్య తీసిన ఫొటో, వేసుకున్న బట్టల వివరం, ఫోన్ నంబరు, ఎవరితో ఎక్కువ మాట్లాడతారో ఆ పేర్లు తెచ్చుకోండి. ఇంట్లో గొడవ జరిగిందా అని అడిగితే దాచొద్దు. పరువు పోతుందని ఆ ఒక్క మాట మింగేయడం వల్ల మేం వెతకాల్సిన దిక్కే మారిపోయిన కేసులు చూశాను.

అపోహ: మా ఏరియా కాదంటే ఇక చేసేదేం లేదు.

ఈ నగరంలో ఇది పెద్ద బాధ. రోడ్డుకు ఈ వైపు ఒక స్టేషన్, ఆ వైపు ఇంకో కమిషనరేట్ ఉంటాయి. 2016లో సైబరాబాద్ నుంచి రాచకొండ విడిపోయింది, ఆ తర్వాత కూడా హద్దులు మారాయి. దెబ్బ తిన్న మనిషికి ఈ హద్దులన్నీ తెలిసి ఉండాలని ఎవరూ అనుకోకూడదు. చట్టం కూడా అలా అనుకోలేదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు. జీరో ఎఫ్ఐఆర్, అంటే హద్దుతో పనిలేకుండా నమోదు చేసే ఎఫ్ఐఆర్ కట్టి, సంబంధిత స్టేషన్‌కు పంపడం పోలీసుల పని. ఫిర్యాదు ఆన్‌లైన్‌లో కూడా పంపొచ్చు, కాకపోతే మూడు రోజుల్లో సంతకం పెట్టాలి. ఎఫ్ఐఆర్ కాపీ ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలి.

స్టేషన్‌లో కాదంటే? ఫిర్యాదును పోస్టులో పై అధికారికి పంపండి, సిటీలో డీసీపీకి. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లొచ్చు. మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో ఎఫ్ఐఆర్ కట్టే ముందు, డీఎస్పీ స్థాయి అధికారి అనుమతితో 14 రోజుల్లో ప్రాథమిక విచారణ చేసే వీలు కొత్త చట్టంలో ఉంది. దీన్ని మనుషుల్ని తిప్పి పంపడానికి వాడుకోవడం తప్పని నా గట్టి అభిప్రాయం. స్టేషన్ పనంతా రాత మీదే నడుస్తుంది. నోటిమాటతో వెళ్లిపోతే రికార్డులో మీరు అసలు రానట్టే. అందుకే ఫిర్యాదు రాసే ఇవ్వండి, రసీదు తీసుకోండి.

అపోహ: స్టేషన్‌లో ఒప్పుకుంటే కేసు అయిపోయినట్టే.

కొత్తగా చేరిన కొందరు పోలీసులు కూడా దీన్ని నమ్ముతారు, అదే నాకు ఎక్కువ బాధ. పోలీసు అధికారి ముందు చెప్పిన ఒప్పుకోలు కోర్టులో సాక్ష్యం కాదు. పాత సాక్ష్య చట్టం 25వ సెక్షన్ అదే చెప్పింది, ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియం 23వ సెక్షన్ కూడా అదే చెబుతుంది. నిందితుడు చెప్పినదాన్ని బట్టి ఒక వస్తువు దొరికితే, ఆ దొరకడానికి దారితీసిన మాట వరకే చెల్లుతుంది. అంటే కేసు నిలబడేది పంచనామా (సాక్షుల ముందు రాసే నివేదిక) మీద, వస్తువు మీద, సాక్షి మీద. సోదాలు, స్వాధీనం వీడియో తీయాలని కూడా ఇప్పుడు చట్టంలో ఉంది. కొట్టి చెప్పించిన మాట కోర్టు గుమ్మం దాటదు. ఆ కొట్టడం మాత్రం నేరమే.

సాక్షుల సంగతీ చెప్పాలి. ‘సంతకం పెడితే ఇరుక్కుంటాం’ అని చూసినవాళ్లు తప్పుకుంటారు. దర్యాప్తులో పోలీసులు రాసుకున్న సాక్షి వాంగ్మూలం మీద సంతకం తీసుకోకూడదని చట్టమే అంటోంది. మహిళల్ని, 60 దాటినవాళ్లని, 15 ఏళ్ల లోపు పిల్లల్ని సాక్షిగా ప్రశ్నించాలంటే వాళ్ల ఇంటికే వెళ్లాలి. స్టేషన్‌కు రమ్మని బలవంతపెట్టడానికి లేదు.

అపోహ: మన పోలీసులంతా 1861 బ్రిటిష్ పోలీసు చట్టం నుంచి పుట్టినవాళ్లే.

కోస్తా, రాయలసీమ ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీకి 1859లోనే సొంత పోలీసు చట్టం వచ్చింది. హైదరాబాద్ దారి వేరు. ఇక్కడ నిజాం కాలంలో నగరానికి కొత్వాల్, అంటే నగర పోలీసు అధిపతి, ఉండేవారు. 1920 నుంచి 1934 దాకా ఆ పదవిలో ఉన్నది రాజా బహదూర్ వెంకటరామారెడ్డి. వనపర్తి సంస్థానం ప్రాంతం నుంచి వచ్చి, కింది స్థాయి నుంచి ఎదిగిన మనిషి. రెడ్డి హాస్టల్ స్థాపనలోనూ ఆయనే ముందున్నారు. హిమాయత్‌సాగర్ దగ్గరున్న రాష్ట్ర పోలీసు అకాడమీకి ఆయన పేరే పెట్టారు. శివరాంపల్లిలో ఉన్నది వేరు, అది ఐపీఎస్‌లకు శిక్షణ ఇచ్చే కేంద్ర అకాడమీ. ఈ రెండింటినీ చాలామంది కలిపేస్తారు.

నిజాం కాలపు క్యాలెండర్ ప్రకారం 1348 ఫసలీలో, అంటే 1939 ప్రాంతంలో, నిజాం రాజ్యంలో వచ్చిన హైదరాబాద్ సిటీ పోలీసు చట్టం కింద నిన్నమొన్నటి దాకా మేం పెట్టీ కేసులు, అంటే చిన్నచిన్న నేరాల కేసులు, రాశాం. 1956 నవంబర్ 1న రెండు సంప్రదాయాల పోలీసులు ఒక్క శాఖలో కలిశారు, 2014 జూన్ 2న తెలంగాణ పోలీసు వేరయింది. ఈ చరిత్ర తెలియకుండా సిటీ కమిషనర్‌కు ఉన్న మేజిస్ట్రేట్ అధికారాలు, జిల్లా ఎస్పీకి లేనివి, ఎందుకున్నాయో అర్థం కాదు.

అపోహ: ఖాకీ వేసుకున్న ప్రతివాళ్లూ కేసు రాయగలరు.

లేదు. గణేశ్ నిమజ్జనం బందోబస్తులో మీకు కనిపించేవాళ్లలో ఆర్మ్‌డ్ రిజర్వ్, స్పెషల్ పోలీసు బెటాలియన్లు, హోంగార్డులు కూడా ఉంటారు. కేసు దర్యాప్తు స్టేషన్‌లోని సివిల్ పోలీసుల పని. హోంగార్డు రెగ్యులర్ పోలీసు ఉద్యోగి కూడా కాదు, అయినా రాత్రంతా నిలబడతాడు. మర్యాదగా మాట్లాడండి.

అపోహ: వీడియో కాల్‌లో పోలీసులు అరెస్టు చేయొచ్చు.

‘డిజిటల్ అరెస్ట్’ అనేది ఏ చట్టంలోనూ లేదు. యూనిఫాం వేసుకుని, వెనక పోలీసు లోగో పెట్టుకుని, కెమెరా ముందునుంచి కదలొద్దు అన్నవాడు దొంగే. చదువుకున్న పెద్దవాళ్లు కూడా ఆ టెన్షన్‌లో జీవితకాలం దాచుకున్నది పంపేస్తున్నారు. ఫోన్ పెట్టేయండి, ఇంట్లోవాళ్లకు చెప్పండి. డబ్బు పంపేసి ఉంటే స్టేషన్‌కు బయల్దేరే ముందే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. లావాదేవీ నంబరు, ఏ బ్యాంకు నుంచి ఎంత పోయింది, ఏ టైముకి పోయింది చేతిలో ఉంచుకోండి. డబ్బు ఇంకో ఖాతాకు దాటేలోపు ఆపించడానికి వాళ్లు ముందు అడిగేవి అవే.