స్నానాలగది మార్పులు: బరంపురం పాత ఇళ్లలో, కొత్త ఫ్లాట్లలో వినిపించే అపోహలు - వాస్తవాలు

ఒడిశాలోని బరంపురం పాతబస్తీ ఇళ్లు వీధి వైపు ఇరుకుగానూ, లోపలికి పొడుగ్గానూ ఉంటాయి. రెండు పక్కలా పొరుగువారితో ఉమ్మడి గోడలు, నడుమ వెలుతురు కోసం చిన్న వాకిలి, అన్నిటికంటే చివర పెరడు, నుయ్యి, మరుగుదొడ్డి ఉంటాయి. అదే ఊళ్లో అంబపువా, లంజిపల్లి వైపు వెళ్తే ఒక్కో పడకగదికీ ఒక్కో స్నానాలగది ఉన్న అపార్ట్‌మెంట్లు కనిపిస్తాయి. ఇరవై ఏళ్లకు పైగా ఈ రెండు రకాల ఇళ్లలోనూ స్నానాలగదులు మార్చే పనులు చేయిస్తున్నాను. పాత ఇంటివారు మురుగు పోయే దూరాన్ని లెక్కలోకి తీసుకోరు, ఫ్లాట్లవారు కింది ఇంటి కప్పును లెక్కలోకి తీసుకోరు. నేను వినే అపోహల్లో చాలా వరకు ఈ రెండింటి దగ్గరే పుడతాయి.

అపోహ: ముందు టైల్స్, కమోడ్ ఎంచుకుంటే మిగతాది మేస్త్రీ చూసుకుంటాడు.

ముందుగా తేలవలసినది మురుగు ఎటు పోతుందన్న సంగతి. కమోడ్ నుంచి వెళ్లే 110 మిల్లీమీటర్ల గొట్టానికి ప్రతి 40 నుంచి 60 మీటర్ల పొడవుకు ఒక మీటరు చొప్పున వాటం ఉండాలి. 60కి ఒకటి అని తక్కువలో తక్కువ లెక్క వేసుకున్నా, 12 మీటర్ల దూరానికి గొట్టం 20 సెంటీమీటర్లు దిగాలి. ఆ దిగుడు ఇంట్లో ఉన్నదో లేదో కొలిచి చూడకుండా కొన్న కమోడ్ వరండాలో అట్టపెట్టెలోనే ఉండిపోతుంది.

పెద్ద బజారు వైపు ఒక ఇంట్లో ఎనభై దాటిన మామ్మగారి కోసం, పెరటి చివర ఉన్న మరుగుదొడ్డిని ఆవిడ పడకగది పక్కకు తేవాలని కొడుకులు నిర్ణయించారు. నేను మట్టపుగొట్టంలో నీళ్లు నింపి, ఒక కొసను పడకగది మూలనా, రెండో కొసను పెరట్లోని సెప్టిక్ ట్యాంకు దగ్గరా పట్టించాను. మామ్మగారు మంచం మీద నుంచే, "బాబూ, గది ఇక్కడ కట్టమంటే పెరట్లో ఏం కొలుస్తావు?" అని అడిగారు. దూరం 12 మీటర్లు వచ్చింది, ట్యాంకులోకి గొట్టం దిగే చోటు మాత్రం గదిలోని గొట్టం మొదలు కంటే 11 సెంటీమీటర్లే పల్లంగా ఉంది. ఆ పల్లానికి ఆరున్నర మీటర్లకు మించి గొట్టం వేయలేం. పడకగది పక్కనే కావాలంటే స్నానాలగది నేలను ఒక మెట్టు ఎత్తాలి, కానీ ఎవరి కోసం ఆ గది కడుతున్నామో ఆవిడే ఆ మెట్టు ఎక్కలేరు. చివరకు వంటింటి పక్క వరండాలో, ట్యాంకుకు 6 మీటర్ల దూరంలో, మెట్టు లేకుండా గది కట్టి, మంచం దగ్గర నుంచి అక్కడి దాకా గోడకు చేతికడ్డీ బిగించాం.

కమోడ్ కొనేటప్పుడు అడగవలసిన ప్రశ్న ఇంకొకటి ఉంది. మురుగు నేలలోకి పోతుందా, గోడలోకి పోతుందా? నేలలోకి పోయేదాన్ని ఎస్ ట్రాప్ అనీ, గోడలోకి పోయేదాన్ని పీ ట్రాప్ అనీ దుకాణాల్లో పిలుస్తారు. ఎస్ ట్రాప్ అయితే గోడ నుంచి కన్నం నడిబొడ్డుకు ఉన్న దూరం కొలవాలి, అదీ టైల్ అంటించాక ఉండబోయే గోడ నుంచి కొలవాలి. పూతా టైలూ కలిసి మూడు సెంటీమీటర్ల దాకా మింగేస్తాయి. పని మొదలుపెట్టిన తొలి రోజుల్లో ఒట్టి ఇటుక గోడ నుంచి కొలిచి తెచ్చిన కమోడ్‌ను నా సొంత ఖర్చుతో మార్చవలసి వచ్చింది. అప్పటి నుంచి ఆ మూడు సెంటీమీటర్లు మరచిపోలేదు.

అపోహ: పాత గోడలు మందంగా ఉంటాయి కనుక ఏ గొట్టాన్నయినా లోపల దాచవచ్చు, చెమ్మ వస్తే సిమెంటు పూస్తే సరిపోతుంది.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేదాకా ఈ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. ఆనాటి ఇళ్ల గోడలు సున్నంతోనో మట్టితోనో కట్టినవి. మందం ఉన్నా వాటికి సిమెంటు గోడకున్న పట్టు ఉండదు. నిలువుగా సన్నని గాడి తీస్తే తట్టుకుంటాయి గానీ, అడ్డంగా పొడవాటి గాడి తీస్తే పై బరువును మోసే వరసనే కోసినట్టవుతుంది. అది ఉమ్మడి గోడ అయితే పక్కింటివారి బరువు కూడా దాని మీదే ఉందని గుర్తుంచుకోవాలి. అందువల్ల పాత ఇళ్లలో గొట్టాలను గోడ బయటే నడిపించి, వాటి ముందు సన్నని ఇటుక కట్టుతో కప్పి, విప్పి చూసుకునేందుకు ఒక చిన్న తలుపు పెట్టిస్తాను.

చెమ్మ సంగతి వేరు. పునాది దగ్గర నేలలోని తడి సున్నపు గోడలోకి ఎక్కి, పైన ఆరిపోతూ ఉంటుంది. ఆ గోడకు గట్టి సిమెంటు పూత వేస్తే తడి ఆరే దారి మూసుకుపోతుంది. అది ఇంకా పైకి పాకి, పూత ఆగిన చోట తెల్లని ఉప్పులా పొక్కుతుంది. నీళ్లు పడే మేరకే టైల్స్ వేసి, ఆ పైన సున్నపు పూతనే ఉంచితే గోడకు ఊపిరి ఆడుతుంది. నాలుగు గోడలకూ కప్పు దాకా టైల్స్ కావాలని పట్టుబట్టేవారికి ఈ మాట నచ్చదు, అయినా చెప్పక తప్పదు.

అపోహ: కింద జాగా లేకపోతే మిద్దె మీద స్నానాలగది కట్టుకోవచ్చు.

పాత మిద్దెల్లో చాలావాటికి కాంక్రీటు శ్లాబు ఉండదు. టేకు దూలాలు పరిచి, వాటి మీద ఇటుకలను నిలబెట్టి సున్నంతో బిగించిన మద్రాసు టెర్రస్ ఉంటుంది. ఒకటిన్నర మీటర్ల వెడల్పు, 2.4 మీటర్ల పొడవు ఉన్న గదిలో గొట్టాలు దాచడానికి 30 సెంటీమీటర్ల ఎత్తున ఇటుక ముక్కలు, సిమెంటు నింపితే ఆ నింపుడు బరువే దాదాపు 2 టన్నులు. గోడలు, టైల్స్, నీళ్లు దానికి అదనం. గోడలో ఇమిడిన దూలాల కొసలు పుచ్చాయో లేదో ఇంజనీరు గుచ్చి చూసి చెప్పేదాకా నేను ఆ పని ఒప్పుకోను.

అపోహ: మంచి టైల్ వేస్తే నీరు కిందికి దిగదు.

ఫ్లాట్లలో వచ్చే తగాదాల్లో ఎక్కువ భాగానికి ఈ అపోహే మూలం. విట్రిఫైడ్ టైల్ తన బరువులో అర శాతం కంటే తక్కువ నీరే పీల్చుకుంటుందన్న మాట నిజమే. కానీ నీరు టైల్‌లోంచి దిగదు. టైల్‌కూ టైల్‌కూ మధ్య సందులోంచి, నేలా గోడా కలిసే మూలలోంచి, అన్నిటికంటే ఎక్కువగా శ్లాబులోంచి గొట్టం బయటికి వచ్చే చోటు నుంచి దిగుతుంది. సందుల్లో నింపే గ్రౌట్, అది ఎపాక్సీ అనే గట్టి జిగురు రకం అయినా సరే, శ్లాబును కాపాడే పొర కాదు. కాపాడేది టైల్ కింద వేసే వాటర్‌ప్రూఫింగ్ మందు.

ఆ మందు వేయడానికి ముందు నేలా గోడా కలిసే మూలలను సిమెంటుతో గుండ్రంగా తీర్చాలి. మందు రెండు పూతలు వేయాలి, మొదటి పూత నిలువుగా వేస్తే రెండోది అడ్డంగా వేయాలి. గోడల మీద 30 సెంటీమీటర్ల ఎత్తుకూ, షవర్ ఉన్న గోడకు ఆరడుగుల ఎత్తుకూ పూత ఎక్కాలి. అది ఆరాక గొట్టాల నోళ్లు బిగించి, గదిలో నీళ్లు నింపి, 48 గంటలు కదపకుండా ఉంచాలి. నేను నీటిమట్టం దగ్గర గోడ మీద సుద్దతో గీత గీయిస్తాను.

ఒక ఫ్లాటులో రెండో రోజు పొద్దున్న నేను మెట్లు ఎక్కుతుండగానే మా ఒడియా మేస్త్రీ పైనుంచి, "పాణి కమిగలా, ఆజ్ఞా" అన్నాడు. నీళ్లు తగ్గాయని. గాలికి ఆరితే కొన్ని మిల్లీమీటర్లు తగ్గడం మామూలే, ఇక్కడ గీతకూ నీటికీ మధ్య రెండు వేళ్లు పడుతున్నాయి. నేల మీది నీళ్లు పోయే నహానీ ట్రాప్ చుట్టూ సిమెంటును గొట్టానికి ఆనించి వదిలేశారు, వెంట్రుకవాసి సందు మిగిలింది. కింది ఇంటివారి పూజగది కప్పు మీద అరచేయంత తడి మచ్చ అప్పటికే దిగింది. మందూ, ట్రాప్ అంచూ మళ్లీ సరిచేసి, మరో 48 గంటలు నీళ్లు నిలిపి చూశాకే టైల్స్ పెట్టెలు తెరిచాం. ఆ నాలుగు రోజుల ఆలస్యానికి ఇంటివారు నొచ్చుకున్నారు. టైల్స్ వేశాక ఇదే బయటపడితే గది మొత్తం పగలగొట్టవలసి వచ్చేది.

పాత టైల్స్ మీదే కొత్తవి అంటించవచ్చా అని చాలామంది అడుగుతారు. కారడం లేదని తేలిన గదిలో, పాత టైల్‌ను నాణెంతో తడితే ఎక్కడా బోలు మోత రాకపోతే అంటించవచ్చు. కారుతున్న గదిలో అంటిస్తే జబ్బు లోపలే ఉంటుంది, పైగా నేల మట్టం ఒకటిన్నర సెంటీమీటరు పెరిగి నీళ్లు గడప దాటి పడకగదిలోకి వస్తాయి.

అపోహ: వాటం ఎంత ఎక్కువ ఇస్తే అంత మంచిది.

మీటరుకు 12 నుంచి 16 మిల్లీమీటర్లు చాలు, అంతకు మించితే తడికాలు జారుతుంది. నాలుగడుగుల పెద్ద టైల్ నాలుగు వైపుల నుంచి ఒక మూలకు వాలదు. అది కావాలనుకునేవారు వాటాన్ని ఒకే వైపుకు ఇచ్చి, గోడ వెంట నీళ్లు పోయే పొడవాటి జాలీ పెట్టుకోవాలి.

అపోహ: పెద్ద వాన షవర్ బిగిస్తే నీళ్లు ధారగా పడతాయి.

పది మీటర్ల ఎత్తు నుంచి దిగే నీటికి ఒక బార్ ఒత్తిడి ఉంటుంది. ట్యాంకు మీ తలకు మూడు మీటర్ల పైన ఉంటే వచ్చేది 0.3 బారే, దానికి మామూలు చేతి షవరే నయం. ప్రెజర్ పంపు పెట్టే ముందు గోడలోని పాత ఇనుప గొట్టాలను మార్చాలి. తుప్పుతో సన్నబడిన గొట్టానికి ఒత్తిడి పెంచితే అది ఎక్కడ పగులుతుందో ఎవరూ చెప్పలేరు.

అపోహ: స్టెయిన్‌లెస్ స్టీలుకు తుప్పు పట్టదు.

గోపాలపురం తీరాన ఇల్లున్నవారు ఈ మాట నమ్మరు. మామూలుగా దొరికే 304 రకం మీద ఉప్పుగాలికి గోధుమరంగు చుక్కలు వస్తాయి, తీరం దగ్గర 316 రకం అడగాలి. తీరపు ఇళ్లలో నేను చూసిన ఇంకో ఇబ్బంది, మూసేసిన వెంటిలేటర్లు. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను అక్కడే తీరం దాటింది. ఆ తర్వాత వానజల్లు భయంతో కొందరు వెంటిలేటర్లకు అద్దాలు బిగించేశారు. జాతీయ భవన నిర్మాణ స్మృతి ప్రకారం స్నానాలగదికి బయటి గాలి వచ్చే తెరపు కనీసం 0.37 చదరపు మీటర్లు ఉండాలి. కిందికి వాలిన రెక్కలు బిగిస్తే జల్లు రాదు, గాలి మాత్రం ఆడుతుంది.

అపోహ: ఎంసీబీ ఉంది కనుక గీజర్ వల్ల షాక్ తగలదు.

ఎంసీబీ అంటే తీగలో కరెంటు మితిమీరితే ఆపేసే స్విచ్చి, అది కాపాడేది తీగను. మనిషిని కాపాడేది, కరెంటు నేలకు లీకైతే ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ. రెండు తీగలే ఉన్న పాత ఇళ్లలో ముందు ఎర్తింగ్ వేయించి, ఆ తర్వాతే గీజర్ కొనాలి.

అపోహ: పది రోజుల్లో అయిపోతుంది.

పగలగొట్టడానికి రెండు రోజులు, గొట్టాలు వేసి ఒత్తిడి పెట్టి చూడటానికి మూడు రోజులు, సిమెంటు పూతను తడుపుతూ ఉంచడానికి ఏడు రోజులు, మందుకూ నీటి పరీక్షకూ నాలుగు, టైల్స్‌కు నాలుగు, అవి గట్టిపడ్డాక కమోడ్, కుళాయిలు బిగించడానికి రెండు రోజులు పడతాయి. మొత్తం మూడు వారాలు దాటుతుంది, వానాకాలంలో ఇంకాస్త ఎక్కువ. ఇంట్లో ఒకటే స్నానాలగది ఉంటే ఈ మూడు వారాలూ ఎక్కడికి వెళ్తారో ముందే ఆలోచించుకోవాలి. పెళ్లి నెలరోజుల్లో పెట్టుకుని వచ్చేవారికి నేను రంగు వేయించి, పాడైన కుళాయిలు మార్చి, గొట్టాలు పెరికే పనిని పెళ్లి తర్వాతకు వాయిదా వేయమంటాను. అలా వాయిదా వేసినవారిలో కొందరు మళ్లీ రాలేదు, మిగతావారి పనులు వేసవిలో చేశాను.